నెత్తురుకు ధర కడితే

అర్థశాస్త్రం మాట్లాడేవారి దగ్గర మనకు ముందుగా కనిపించేది లెక్క. ధర ఇంత పెరిగితే ఇంత సరుకు బజారుకు వస్తుంది, ఇంత తగ్గితే ఇంత కొనుగోలు పెరుగుతుంది అని గీతలు గీసి చూపిస్తారు. ఆ గీతల వెనుక మనిషిని గురించిన ఒక నమ్మకం ఉన్నదని, అది లెక్కలో తేలినది కాదని, లెక్క మొదలుకాక ముందే ఒప్పుకున్నదని సాధారణంగా ఎవరూ చెప్పరు. చాలా సందర్భాలలో చెప్పనక్కరలేదు కూడా. గోధుమల ధరకో, చొక్కాగుడ్డ ధరకో ఆ నమ్మకంతో పని గడిచిపోతుంది. అది ఎక్కడ గడవదో చూడాలంటే ఆ శాస్త్రాన్ని దానికి అలవాటులేని చోటికి తీసుకువెళ్ళాలి. అలా తీసుకువెళ్ళిన పుస్తకం ఒకటి 1970లో లండనులో వెలువడింది. పేరు "ది గిఫ్ట్ రిలేషన్‌షిప్", గ్రంథకర్త రిచర్డ్ టిట్మస్. అందులో చర్చకు వచ్చిన సరుకు మనిషి నెత్తురు.

అర్ధశతాబ్దం దాటిన పుస్తకాన్ని ఇప్పుడు బయటికి తీయడమెందుకని పాఠకులు అడగవచ్చు. దానికి రెండు కారణాలు. మన సంఘ సభ్యులలో వైద్యులు తక్కువమంది కారు. రోగికి రక్తం ఎక్కించమని రోజూ రాసేవారమే అయినా, ఆ సంచి ఏ నమ్మకం మీద మన చేతికి వస్తున్నదో ఆలోచించే తీరిక మనకు ఉండదు. ఇది మొదటి కారణం. మన సంఘం ఏటా జరిపే రక్తదాన శిబిరం విషయమై కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన ఉన్నది. ఇది రెండవది. దాని సంగతి వ్యాసం చివర మనవి చేస్తాము. మేము వైద్యులమే గాని అర్థశాస్త్రజ్ఞులము కాము. అందుచేత ఈ పుస్తకాన్ని రక్తం సంచీ పట్టుకున్న వైపు నుంచే చదివాము.

టిట్మస్ (1907-1973) విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే 1950లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో ఆచార్యపదవి పొందినవాడు. బ్రిటన్‌లో రక్తసేకరణ 1946 నుంచి జాతీయ సేవగా నడుస్తున్నది. దాతకు డబ్బు ఇవ్వరు, పుచ్చుకున్న రోగి దగ్గర తీసుకోరు. 1968లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ అఫైర్స్ అనే సంస్థ "ది ప్రైస్ ఆఫ్ బ్లడ్" అని ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. కూపర్, కల్యర్ అనే ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు అందులో చేసిన వాదం సూటిగా ఉంటుంది. రక్తం కూడా కొరతగా ఉన్న సరుకే, కనుక మిగతా సరుకుల విషయంలో ఉపయోగపడే విశ్లేషణ దీనికీ ఉపయోగపడుతుంది, ధర ఇస్తే సరఫరా పెరుగుతుంది. టిట్మస్ పుస్తకం ఈ వాదానికి జవాబు. ఆయన బ్రిటన్ పద్ధతిని అమెరికా పద్ధతి పక్కన పెట్టి పోల్చాడు. అప్పటి అమెరికాలో రక్తం అమ్ముకునేవారు ఉన్నారు, తమవారికి ఎక్కించిన రక్తానికి బాకీ తీర్చడానికి ఇచ్చేవారు ఉన్నారు, ఏమీ ఆశించకుండా ఇచ్చేవారూ ఉన్నారు. దాతలను ఆయన మొత్తం ఎనిమిది రకాలుగా విభజించాడు.

ధర ఇవ్వవచ్చుననే వాదానికి ఆధారమైన ఊహలను విడదీసి చూద్దాం. మొదటిది: మనిషి ఇష్టాలు ముందే ఏర్పడి ఉంటాయి, బజారు వాటిని తీరుస్తుందే గాని మార్చదు. రెండవది: ఉన్న అవకాశాలకు మరొకటి కలిపితే ఎవరికీ నష్టం లేదు, ఇష్టమైనవాడు వాడుకుంటాడు, లేనివాడు మానుకుంటాడు. మూడవది: దానంగా వచ్చినా, అమ్మకంగా వచ్చినా ఒక సీసా రక్తం మరొక సీసాతో సమానం. నాలుగవది: ధర ఒక కొలబద్ద, కొలబద్ద తాను కొలిచే గుడ్డ పొడవును మార్చదు.

ఈ నాలుగింటిలో ఏదీ ప్రయోగశాలలో తేలినది కాదు. 1932లో లయొనెల్ రాబిన్స్ ఈ శాస్త్రానికి ఒక నిర్వచనం ఇచ్చాడు. మనుషుల లక్ష్యాలు ఏవైనా కావచ్చు, కొరతగా ఉన్న సాధనాలను వాటికి ఎలా సర్దుకుంటారన్నదే విషయం అని. దానితో లక్ష్యాల మంచిచెడ్డలు తన పని కాదని శాస్త్రం చేతులు కడుక్కున్నది. 1953లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ మరింత ముందుకు వెళ్ళి, ఊహలు వాస్తవానికి దగ్గరగా ఉన్నాయా అని అడగడమే అనవసరం, వాటినుంచి తీసిన జోస్యాలు ఫలిస్తే చాలునన్నాడు. వైద్యులకు ఈ మాట మరీ కొత్త కాదు. నొప్పి ఎందుకు తగ్గిందో పూర్తిగా తెలియకపోయినా తగ్గించిన మందును మనమూ వాడుతూనే ఉంటాము. అయితే ఆ మందు ఏ రోగికి పడదో ముందుగా తెలియాలంటే మాత్రం అది ఒంట్లో ఏం చేస్తున్నదో తెలుసుకోక తప్పదు. టిట్మస్ అడిగినది అదే. ధర అనే మందు రక్తదాత లోపల ఏం చేస్తుంది?

ఆయన జవాబులో మాకు అన్నిటికన్నా బలంగా కనిపించినది మూడవ ఊహను పడగొట్టిన భాగం. ఆనాటికి రక్తమార్పిడి వల్ల వచ్చే కామెర్లను ముందుగా పసిగట్టే పరీక్షలు వాడుకలోకి రాలేదు. ఫలానా సీసాలో రోగం ఉన్నదా లేదా అన్నది దాత చెప్పే మాట మీద ఆధారపడి ఉండేది. ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా, మత్తుమందు సూదులు వేసుకున్నారా అని అడిగితే నిజం తెలిసినవాడు అతడొక్కడే. ఊరికే ఇవ్వడానికి వచ్చినవాడు నిజం చెబితే పోగొట్టుకునేది ఏమీ లేదు, ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ పూట తిండికోసం వచ్చినవాడు నిజం చెబితే ఆ పూట తిండి పోతుంది. అంటే, నిజం అనేది రక్తంతో పాటు సీసాలోకి వచ్చే పదార్థమే. ధర రక్తాన్ని ఎక్కువగా తీసుకురావచ్చు, దానితో వచ్చే నిజాన్ని మాత్రం పలచన చేస్తుంది. అప్పుడు ఒక సీసా మరొక సీసాతో సమానమని ఎలా అనగలం?

దీనికి వైద్య సాక్ష్యం లేకపోలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హార్వీ ఆల్టర్ బృందం గుండె ఆపరేషను అయిన రోగులను పరిశీలించినప్పుడు, డబ్బు పుచ్చుకున్నవారి రక్తం ఎక్కినవారిలో కామెర్లు మిక్కిలి ఎక్కువగా కనిపించాయి. 1970 దరిదాపుల్లో అక్కడ అమ్మకందారులను మానిపించి స్వచ్ఛంద దాతలకు మారిన తర్వాత, అప్పుడే వచ్చిన హెపటైటిస్ బి పరీక్ష కూడా తోడయి, ఆ రోగం దాదాపు మూడోవంతుకు పడిపోయింది. రెండు మార్పులు ఒకేసారి జరిగాయి కనుక మొత్తం పుణ్యం మొదటిదానికే కట్టబెట్టలేము గాని, పెద్దవాటా దానిదేనని ఆ రంగంలోనివారి నిర్ణయం. ఆల్టర్‌కు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. 1978 నుంచి అమెరికాలో ప్రతి సంచీ మీద అది డబ్బు పుచ్చుకున్న దాతదా, స్వచ్ఛంద దాతదా అని రాసితీరాలన్న నిబంధన అమలయింది. అంతటితో ఆసుపత్రులకు వచ్చే కొన్న రక్తం దాదాపు కనుమరుగయింది.

పుస్తకం వచ్చిన 1970లోనే జార్జి ఏకర్లాఫ్ అనే అర్థశాస్త్రజ్ఞుడు పాత కార్ల బజారును గురించి రాసిన వ్యాసం ఒకటి వెలువడింది. కారు లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, అందువల్ల చెడ్డ కార్లు మంచి కార్లను బజారు నుంచి వెళ్ళగొడతాయని అందులో తేల్చాడు. కనుక టిట్మస్ చెప్పినది మా శాస్త్రంలో ఇమిడిపోతుందని అర్థశాస్త్రజ్ఞులు అనవచ్చు. కొంతవరకు నిజమే. అయితే ఒక తేడా ఉన్నది. కారు లోపాన్ని మెకానిక్కుకు చూపించి తేల్చుకోవచ్చు. దాత నిన్నటి రాత్రి ఎక్కడ గడిపాడో ఏ మెకానిక్కూ చెప్పలేడు. ఇవాళ పరీక్షలు ఎంతో సూక్ష్మమైనవి. అయినా రోగం సోకిన తొలిరోజులలో పరీక్షకు దొరకని వ్యవధి ఇంకా ఉన్నది. అందుకే ఇన్ని పరీక్షలు వచ్చినా దాతను ప్రశ్నలు అడగడం మానలేదు.

ఇక పుస్తకానికి వచ్చిన జవాబులలో పెద్దది కెన్నెత్ ఆరోది. 1963లోనే వైద్యరంగం మామూలు బజారు వంటిది కాదని, రోగి సరుకు నాణ్యత తేల్చుకోలేడు గనుక వైద్యుడి మీద నమ్మకం ఆ లోటును పూడుస్తున్నదని రాసిన మహాపండితుడాయన. 1972లో నోబెల్ బహుమతి అందుకున్న ఏడే టిట్మస్‌ను సమీక్షించాడు. కామెర్ల విషయంలో టిట్మస్ వాదంలోని బలాన్ని ఒప్పుకున్నాడు గాని రెండు ప్రశ్నలు వేశాడు. ఇష్టమున్నవారు అమ్ముకుంటే, ఇవ్వదలచినవారి దానబుద్ధి ఎందుకు తగ్గాలి? ఇది మొదటిది. పరోపకారబుద్ధి అంత సమృద్ధిగా ఉన్న వస్తువా, దానిని ప్రతి పనికీ ఖర్చు చేయడం వివేకమేనా? ఇది రెండవది. డెనిస్ రాబర్ట్‌సన్ 1954లోనే ఇటువంటి మాట అన్నాడు. ప్రేమ కొరత సరుకు, దానిని పొదుపు చేయడమే అర్థశాస్త్రజ్ఞుడి పని అని.

ఇక్కడ వైద్యులుగా మేము ఒక మాట అడగదలచుకున్నాము. పరోపకారబుద్ధి గనిలోని బొగ్గు వంటిదా, మూలుగలో పుట్టే నెత్తురు వంటిదా? బొగ్గు తవ్వినకొద్దీ తరుగుతుంది. నెత్తురు అలా కాదు. అరలీటరు దరిదాపుల రక్తం ఇచ్చిన మనిషికి అందులోని ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి వస్తుంది, ఎర్రకణాలు కొన్ని వారాల్లో పుట్టుకొస్తాయి. తీసినందువల్లే మూలుగ మరింత పనిచేస్తుంది. అయితే అందుకూ హద్దు ఉన్నది. అమెరికాలో ఒకసారి ఇచ్చినవారు 56 రోజులు ఆగాలి, తరచుగా ఇచ్చేవారికి ఇనుము తగ్గి నీరసం వస్తుంది. ఆరో, రాబర్ట్‌సన్‌లు బొగ్గు లెక్క వేశారు, టిట్మస్ హద్దులేని ఊటగా చూశాడు. వాస్తవం రెంటికీ మధ్య, మూలుగ దగ్గర ఉన్నదని మాకు తోస్తున్నది. పరోపకారం వాడకపోతే మందగిస్తుంది, మితంగా వాడితే పెరుగుతుంది, అతిగా పిండితే పాండురోగం తెస్తుంది.

ఆరో మొదటి ప్రశ్నకు జవాబు వాదంతో దొరికేది కాదు, చూసి తెలుసుకోవలసినది. తరువాతి కాలంలో కొందరు చూశారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశుసంరక్షణ కేంద్రాలలో జరిగిన ప్రయోగం 2000లో ప్రచురితమయింది. సాయంత్రం పిల్లలను ఆలస్యంగా తీసుకువెళ్ళే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గవలసింది పోయి పెరిగాయి. అంతకు ముందు టీచరును కాచుకోబెట్టామన్న సిగ్గు ఉండేది, ఇప్పుడు డబ్బు కట్టాము గదా అన్న ధీమా వచ్చింది. జరిమానా ఎత్తివేసినా సిగ్గు తిరిగి రాలేదు. స్వీడన్‌లో 2008లో వెలువడిన పరిశోధన సూటిగా టిట్మస్‌నే పరీక్షించింది. రక్తదాతగా చేరడానికి 50 క్రోనార్లు ఇస్తామంటే స్త్రీలలో ముందుకు వచ్చినవారు 52 శాతం నుంచి 30 శాతానికి తగ్గారు, పురుషులలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ సొమ్మును ధర్మకార్యానికి ఇచ్చే వీలు కలిపితే స్త్రీల సంఖ్య మళ్ళీ మొదటికి వచ్చింది. కొలబద్ద గుడ్డ పొడవును మార్చగలదన్నమాట. రెండవ ఊహ కూడా కదిలింది. కొత్త అవకాశం చేరినప్పుడు పాత అవకాశం పాతదిగా ఉండలేదు. ఇచ్చేవాడు ఇప్పుడు "ఇచ్చేవాడు" కాడు, "అమ్ముకోనివాడు" అయ్యాడు.

కాని రెండో పక్క సాక్ష్యం దాచడం విమర్శ అనిపించుకోదు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, నిజంగా జరిగిన శిబిరాలలో ఇచ్చిన 19 రకాల ప్రోత్సాహకాలను పరిశీలించి, 18 విషయాలలో దాతలు పెరిగారని తేల్చింది. చొక్కాలు, కార్డులు, సెలవు రోజులు ఇటువంటివి. కనుక ధర ఎప్పుడూ దానబుద్ధిని చంపుతుందని టిట్మస్ శిష్యులు చెప్పుకోవడానికి వీలులేదు. ఏ రూపంలో, ఎవరి ముందు, ఏ మాటతో ఇచ్చారన్నదాన్ని బట్టి ఫలితం మారుతున్నది. సిద్ధాంతం మాత్రం రూపాన్నీ మాటనూ లెక్కలోకి తీసుకోదు.

టిట్మస్ పుస్తకంలోని లోపాలు కూడా చెప్పవలసి ఉన్నది. ఆయన బ్రిటన్‌ను ఒకే కుటుంబంగా ఊహించాడు. ఆ కుటుంబం ఇంట్లో కొననిదాన్ని పొరుగింట కొనుక్కున్నది. 1970లలో రక్తస్రావ వ్యాధిగ్రస్తులకు కావలసిన ఫ్యాక్టర్ 8 మందును అమెరికా నుంచి తెప్పించుకున్నారు. అది ఖైదీలతో సహా డబ్బు పుచ్చుకున్న వేలమంది ప్లాస్మాను కలిపి చేసినది. దాని ద్వారా వందలాది రోగులకు ఎయిడ్స్ వైరస్ సోకింది. 2024 మే నెలలో వెలువడిన బ్రిటిష్ విచారణ నివేదిక మొత్తం 30,000 మందికి పైగా సోకినట్లు తేల్చింది. అయితే వారిలో ఎక్కువమందికి వచ్చినది మామూలు రక్తమార్పిడి ద్వారా హెపటైటిస్ సి, ఆ రక్తం చాలావరకు బ్రిటిష్ స్వచ్ఛంద దాతలదే. తన రోగం తనకే తెలియని దాత ఎంత నిజాయితీపరుడైనా నిజం చెప్పలేడు. పరీక్షలు వచ్చాక కూడా అధికారులు ఆలస్యం చేశారు. దానం పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

రెండవ లోపం మన దేశాన్ని తలచుకుంటే కనిపిస్తుంది. టిట్మస్ దృష్టిలో ఒక కొసన ముక్కూమొహం తెలియని వారికి ఇచ్చే దానం, మరొక కొసన అమ్మకం. మధ్యలో బాకీ తీర్చే దాతలను పేర్కొన్నాడు గాని వారి మీద ఎక్కువసేపు నిలవలేదు. మన ఊళ్ళలో లోకమంతా ఆ మధ్యలోనే ఉన్నది. పెళ్ళిలో చదివింపులు చూడండి. ఎవరెంత ఇచ్చారో ఒకాయన పుస్తకంలో రాసుకుంటాడు, పైకి చదువుతాడు, రేపు వారింట్లో పెళ్ళికి ఆ పుస్తకం తీసి చూసుకుంటారు. అది వ్యాపారం కాదు, ఊరికే ఇచ్చినదీ కాదు. మన ఆసుపత్రులలో "మీవాళ్ళ చేత రెండు సీసాలు ఇప్పించండి" అనడం కూడా చదివింపుల పద్ధతే. మేము హౌస్ సర్జన్లుగా పనిచేసిన చోట ఆపరేషను రోగి బంధువులతో ఈ మాట ఎన్నిసార్లు అన్నామో లెక్కలేదు. బలవంతాన వచ్చిన బావమరిది కూడా తన కామెర్ల సంగతి దాచిపెట్టగలడు, ఎందుకంటే కాదంటే పోయేది పరువు. బంధువు దొరకనిచోట బంధువు పేరుతో అమ్మకందారు రావడం వైద్యులకు తెలిసిన రహస్యమే. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం 1998 జనవరి 1 నుంచి భారతదేశంలో రక్తం అమ్మకం నిషిద్ధమయింది. చట్టం ధరను తీసివేసింది గాని ఒత్తిడిని తీసివేయలేదు. నిజాన్ని పలచన చేసేది డబ్బు ఒక్కటే కాదు, కాదనడానికి వీలులేకపోవడం ఏదైనా సరే ఆ పని చేస్తుంది.

ఈ దృష్టితో అమెరికాలో ఇవాళ్టి ప్లాస్మా కేంద్రాలను చూడండి. మందుల తయారీకి పోయే ప్లాస్మాకు ఇక్కడ డబ్బు ఇస్తారు. ఏడు రోజుల్లో రెండుసార్లు ఇవ్వవచ్చు. ప్రపంచంలో ఇలా సేకరించే ప్లాస్మాలో సగానికి పైగా ఈ దేశానిదే. ఇంట్లో ధర ఇవ్వమని గొప్పగా చెప్పుకునే దేశాలు కూడా ఆ మందులు కొంటున్నాయి. వైరస్‌లను చంపే ప్రక్రియలు వచ్చాయి గనుక మందు సురక్షితమైనదే, టిట్మస్ కామెర్ల వాదం అక్కడ వర్తించదు. మరి అభ్యంతరం ఏమిటి? ఇరుపక్షాలూ ఇష్టపడి చేసుకున్న బేరంలో నష్టపోయేవారు లేరని సిద్ధాంతం అంటుంది. వారానికి రెండుసార్లు చేయి చాపేవారికి మరో దారి ఎంత ఉన్నదన్న ప్రశ్న ఆ సిద్ధాంతంలో పుట్టదు. మేము ఆ డబ్బు ఆపేయమనడం లేదు. ఆపితే ముందుగా నష్టపోయేది వారూ, ఆ మందుమీద బతికే రోగులూను. "ఇష్టపడి" అన్న మాట అంత బరువు మోయలేదని మాత్రమే అంటున్నాము.

ఇక మన శిబిరం సంగతి. రక్తం ఇచ్చిన ప్రతివారికీ 25 డాలర్ల దుకాణపు కార్డు ఇస్తే జనం ఎక్కువగా వస్తారన్నది కార్యవర్గం ముందున్న ప్రతిపాదన. జనం ఎక్కువగా రావచ్చునని పైన చెప్పిన సమీక్షను బట్టి మేమూ ఒప్పుకుంటాము. అయితే దాతలను అడిగే ప్రశ్నల్లో ఒకటి మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్ళివచ్చారా అన్నది. వెళ్ళివచ్చినవారిని కొన్నాళ్ళు ఆగమంటారు. మనలో ఏటా ఇంటికి వెళ్ళిరానివారు ఎందరు? సంక్రాంతికి వెళ్ళి వచ్చి ఉగాది శిబిరంలో కూర్చున్న మనిషి ఆ ప్రశ్నకు చెప్పే జవాబే రేపు ఎవరో ముక్కూమొహం తెలియని రోగికి రక్ష. ఆ జవాబు మీద పాతిక డాలర్ల బరువు పెట్టడం మంచిది కాదు. మనవారు అబద్ధమాడతారని కాదు మా భావం. నిజం చెప్పడానికి ఖర్చు పెట్టించే ఏర్పాటు మనమే చేయడం ఎందుకని.

అందుచేత మా సలహా ఇది. ఇచ్చేదేదో రక్తం సంచీకి ఇవ్వవద్దు. శిబిరానికి వచ్చి, ప్రశ్నలకు జవాబులు చెప్పిన ప్రతివారికీ, వెనక్కి పంపబడినవారితో సహా, ఒకే విస్తరిలో భోజనం పెడదాం. పిల్లలను చూసుకునేందుకు ఇద్దరిని, కారు లేని పెద్దలను తీసుకువచ్చేందుకు ఇద్దరిని ఏర్పాటు చేద్దాం. ఖర్చు కార్డులకన్నా ఎక్కువేమీ కాదు. "నేను మొన్ననే ఇంటినుంచి వచ్చాను, ఇవ్వలేను" అన్నవారి పేరు ఇచ్చినవారి పేర్లతో పాటే పత్రికలో వేద్దాం, ఎందుకంటే వారూ ఒకటి ఇచ్చే వెళ్ళారు.

టిట్మస్ పుస్తకం తప్పులు లేనిది కాదు, ఆరో ప్రశ్నలు తీసిపారేయదగినవి కావు. ఇద్దరినీ కలిపి చదివితే మిగిలేది ఒక్కటి. ధర అన్నిటినీ కొలుస్తుందన్న నమ్మకం, కొలవడం వల్ల దేనికీ ఏమీ కాదన్న మరొక నమ్మకం మీద నిలబడి ఉన్నది. గోధుమలకు ఏమీ కాదు. మనిషి మాటకు అవుతుంది. శిబిరం విషయమై సభ్యులు తమ అభిప్రాయాలను వచ్చే కార్యవర్గ సమావేశంలోగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.